గురవమ్మ చేతికొలత తుపాకి

మా కార్వేటినగరంలో తుపాకి లైసెన్సున్న ఆడమనిషి ఒక్కతే, మా ఎదురింటి గురవమ్మ. పొట్టిమనిషి. గొంతు మాత్రం పొట్టిది కాదు. తెల్లవారి ఎనుములను అదిలించిందంటే వీధి చివర పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చోవలసిందే. నాయుడుపేట దగ్గరి పల్లెలో, కొండ అన్నదే కంటికి ఆనని వరిమడుల మధ్య పుట్టి, మా ఊరికి కోడలిగా వచ్చింది. వచ్చిన కొత్తలో అడివిపందిని చూసి, "ఇదేందత్తా, మీ ఊళ్ళో దున్నపోతులు ఇంత పొట్టిగా ఉంటాయా?" అని అడిగిందట. ఆ మాట వాళ్ళ అత్త చచ్చేదాకా చెప్పుకొని నవ్వేది.

మొగుడు పోయాక గురవమ్మ పూలు మానేసింది గాని నవ్వు మానలేదు. కూతురిని పుత్తూరులో ఇచ్చింది. ఇక మిగిలింది తనూ, రెండు ఎనుములూ, కొండకింద ఎకరన్నర చెరుకుతోటా.

ఆ తోటతోనే వచ్చింది చిక్కు. వరుసగా రెండేళ్ళు పందులు మేసిపోయాయి. పంది చెరుకు తినే తీరు చూస్తే కడుపు మండుతుంది. ఒక గడను నమిలి రసం పీల్చడానికి చుట్టూ ఉన్న గడలన్నీ తొక్కి విరుస్తుంది. పొద్దున పోయి చూస్తే తోట మధ్యలో ఎవరో చాప పరిచినట్టు ఉంటుంది. ఆ పక్క చేను గురవమ్మ మరిది చెంగల్రాయుడిది. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే అన్న వాటాకు వచ్చిన ఆ ఎకరన్నర తన చేనితో కలిస్తే ఎంత చదరంగా ఉంటుందోనని ఎప్పుడూ గట్టుమీద నిలబడి చూసుకుంటూ ఉండేవాడు. రెండో ఏడు తోట పోయినప్పుడు నలుగురు పెద్దమనుషుల ముందు మాట తెచ్చాడు.

"వదినా, ఆడమనిషివి. పందులతో యాడ పోట్లాడతావు? చేను నాకు వదిలెయ్. ఏడాదికి నీ తిండిగింజలు నేను కొలుస్తా."

"ఇంకొక్క పంట సూడు. ఈసారి కూడా పందుల పాలైతే నువ్వే దున్నుకో" అంది గురవమ్మ రోషంగా. అనేసి ఇంటికొచ్చి నా దగ్గర ఏడ్చింది. తన చేనిగట్టు మీద తను కూలికి పోయే బతుకు వస్తుందేమోనని ఆమె భయం. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మొగుడి పేరున పంట కాపలా లైసెన్సు ఒకటి ఉండేది. ఆయన నాటు తుపాకి గొట్టం పగిలి ఏనాడో పనికిరాకుండా పోయింది. ఆ లైసెన్సును తన పేరుకు మార్చమని గురవమ్మ చిత్తూరుకు తిరిగింది. అక్కడి ఆఫీసరు ఆమెను కిందికీ మీదికీ చూసి, "పేల్చేది నువ్వేనా అమ్మా?" అని అడిగాడట. "కాదు సార్, పొయ్యిలో పెట్టి సంగటి వండుకుంటా" అందట. ఆయన నవ్వేసి సంతకం పెట్టాడు.

ఇక ఏ తుపాకి కొనాలి అన్నది మిగిలింది. అది గురవమ్మ సమస్య అనుకున్నాను. ఊరంతటి సమస్య అయి కూర్చుంది.

మా వీధిలోనే రాజారత్నం ఉండేవాడు. పట్టాళంలో పనిచేసి పింఛను తెచ్చుకుంటున్న మనిషి. ఆదివారం చర్చికి పోయేటప్పుడు కూడా కవాతు నడకే. ఆయన గురవమ్మ అరుగుమీద కూర్చొని తేల్చి చెప్పాడు.

"రైఫిలే కొనాల మ్మే. పంది భుజం చర్మం ఎంత మందమో నీకు తెలీదు. సీసం రవ్వలు కొడితే దోమ కుట్టింది అనుకొని గోక్కుంటాది. రైఫిలు గుండు ఒక్కటి తగిలిందనుకో, ఆడికాడే పడుకుంటాది."

"పడుకుంటే లేపేదెవురన్నా?" అంది గురవమ్మ.

"నవ్వులాట కాదు!"

చెంగల్రాయుడు ఒప్పుకోలేదు. "రైఫిలేంది మామా, మనమేమన్నా యుద్ధానికి పోతా ఉండామా? జంటగొట్టాల తుపాకి తీసుకో వదినా. ఒకటి తప్పితే ఇంకొకటి ఉంటాది. తూకంగా ఉంటాది. భుజాన ఏసుకుంటే ఆ దర్జానే వేరు."

ఎవరి భుజాన అన్నది అతను చెప్పలేదు. నాకు అనుమానం వచ్చింది. ఒక సంగతి సగం తెలిస్తే నాకు అన్నం దిగదు. మజ్జిగ వంకతో చెంగల్రాయుడి పెళ్ళాం దేవకమ్మ దగ్గరికి పోయాను.

"ఏంది దేవకా, మీ ఆయన జంటగొట్టాలంటా ఒకటే పట్టు పడతా ఉండాడు?"

దేవకమ్మ చల్లకవ్వం ఆపింది. "చెప్తే నవ్వుతావు వసంతక్కా. పుత్తూరులో తోలుబెల్టు కుట్టించుకొచ్చినాడు, తుపాకి తగిలించుకునేదానికి. నా చెప్పులు తెగి నెల్లాళ్ళయింది, వాటికి తోలు దొరకలేదు!"

అప్పుడు అర్థమైంది. మా వైపు పంది పడితే పాళ్ళు వేస్తారు. కొట్టినవాడికి ఒక పాలు, తుపాకికి ఒక పాలు, కుక్కలకు ఒక పాలు, తరిమినవాళ్ళకు తక్కినది. తుపాకి గురవమ్మది, పేల్చేది మాత్రం తామేనని ఎవరికి వారు తీర్మానం చేసుకున్నారు. చెంగల్రాయుడికి జంటగొట్టాలు ఇష్టం, రాజారత్నానికి రైఫిలు అలవాటు. గురవమ్మ చేతికి ఏది ఆనుతుందో ఎవరూ అడగలేదు.

వచ్చి చెప్పాను. గురవమ్మ కోప్పడుతుందనుకున్నాను. పకపకా నవ్వి, "బెల్టు కూడానా? పాపం" అంది. తర్వాత తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

సోమవారం చిత్తూరు బస్సెక్కాం. గురవమ్మా, నేనూ ముందు. వద్దంటున్నా వచ్చిన సలహాదార్లు ఇద్దరూ వెనక.

తుపాకుల అంగట్లో కూర్చున్నాయన పేరు శఠగోపం. నుదుట నిలువు నామం, మెడలో తులసిపూసలు, చుట్టూ గోడలకు తుపాకులు. అడక్కుండా ఉండలేకపోయాను.

"సామీ, మీరు ఉల్లిపాయన్నా తింటారా?"

"వాసన కూడా పడదమ్మా" అన్నాడాయన గుడ్డతో గొట్టం తుడుస్తూ.

"మరి ఈ యాపారం ఏంది సామీ?" అన్నాడు రాజారత్నం. "ఎప్పుడన్నా పందిని సూసినావా?"

"చూడకేం? తిరుమల పోయినప్పుడల్లా ముందు వరాహస్వామికే కదా దణ్ణం పెట్టేది. మీలాంటివాళ్ళు వచ్చి పోయినాక ఆయనకు మనసులో ఒక క్షమాపణ చెప్పుకుంటాను. మా నాయన పెట్టిన అంగడి, మూసెయ్యలేను. ఏది చూపించమంటారు?"

"రైఫిలు" అన్నాడు ఒకడు. "జంటగొట్టాలు" అన్నాడు ఇంకొకడు. గురవమ్మ నోరు తెరవకముందే రెండూ బల్లమీదికి వచ్చాయి.

రాజారత్నం రైఫిలు అందుకోగానే ఆయన ముఖంలో ఇరవై ఏళ్ళు తగ్గాయి. భుజానికి ఆనించి రోడ్డవతలి సినిమా పోస్టరు మీద గురిపెట్టాడు. పోస్టరు కింద ఇడ్లీలు తింటున్న మనిషి పొట్లం పట్టుకొని లేచి పోయాడు.

"అప్పా, ఖాళీదైనా సరే వీధి వైపు తిప్పొద్దు" అని శఠగోపం గొట్టాన్ని మెల్లగా పైకి నెట్టాడు.

నేను అడిగాను. "సామీ, ఈ గుండు పందికి తగల్లేదనుకో. యాడిదాకా పోతాది?"

"మైలు దాటి కూడా పోతుందమ్మా. నేల రాయిదైతే తగిలి పక్కకు కూడా లేస్తుంది."

"మైలా! మంచె మీద నుంచి కాలిస్తే మైలులోపల ఏముండాది గురవమ్మా?"

"ఏముండాది, గుట్టపల్లె మిట్ట" అంది గురవమ్మ. "తెల్లారే వేళకి ఆ పల్లె ఆడోళ్ళంతా చెంబులు పట్టుకొని ఆడనే కదా కూర్చునేది!"

రాజారత్నం దగ్గాడు. రైఫిలును ఇంకొక్కసారి నిమిరి బల్లమీద పెట్టేశాడు. ఆ పల్లె ఆయన అత్తగారిదే.

చెంగల్రాయుడి ముఖం వెలిగింది. జంటగొట్టాల తుపాకి తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. "ఇదీ తుపాకంటే. పట్టుకో వదినా."

గురవమ్మ పట్టుకుంది. తర్వాత ఆమె చేసిన పనికి అంగట్లో అందరూ నివ్వెరపోయారు. కొంగు నడుముకు దోపుకొని గచ్చునేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"ఏంది వదినా, లే, నలుగురూ సూస్తా ఉండారు!"

"చూడనీ. మంచె మీద నిలబడి కాలుస్తానా? ఇట్ట కూర్చొనే కదా రాత్రంతా కాపలా. కూర్చొని చూడకుండా కొంటే యాడ పనికొస్తాది?"

బయట జనం మూగారు. గురవమ్మ ఎవరినీ పట్టించుకోకుండా తుపాకి ఎత్తి భుజానికి ఆనించింది. రోజూ చెరుకుమోపు నెత్తికెత్తుకునే మనిషే, అయినా కాసేపటికే గొట్టాల కొసలు కిందికి వాలిపోయాయి. "ఎత్తేదానికి బరువు కాదు. ఎత్తి పట్టుకొని పంది వచ్చేదాకా ఉండేదానికి బరువు" అని తిరిగి ఇచ్చేసింది. "ఒంటిగొట్టంది ఉందా సామీ?"

శఠగోపం మూలనుంచి ఒకటి తెచ్చాడు. నాజూకుగా, దుక్కి దున్నే కొత్త మడకలా నిగనిగలాడుతోంది. గురవమ్మ ఎత్తింది. ఈసారి కొస వాలలేదు. అయితే వెనక కట్టె పొడుగైంది. భుజానికి ఆనిస్తే వేలు మీటకు అందడంలేదు. అందుకోవాలంటే మెడ సాచి, భుజం ముందుకు తోసి, ఒళ్ళంతా వంకరపోవాలి.

"ఒకే తూటా వదినా!" అన్నాడు చెంగల్రాయుడు ఆశగా. "తప్పితే ఏం చేస్తావు?"

"తప్పితే పంది పోతాది, మంచె మీదికి నిచ్చెనేసుకొని రాదు కదా. సామీ, ఈ కట్టె నా చేతి కొలతకు కోయిస్తారా?"

శఠగోపం కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పక్క సందులో మా వడ్రంగి ఉన్నాడు. వెనక నాలుగువేళ్ళ మందం తీసేసి, మళ్ళీ పట్టీ బిగిస్తాడు. కానీ ఒక సంగతమ్మా. ఒకసారి కోస్తే అతుక్కోదు. ఇంట్లో మగవాళ్ళు ఎవరైనా వాడేదుంటే వాళ్ళకు పొట్టైపోతుంది."

"అదే నేనూ చెప్పేది!" చెంగల్రాయుడు ఎగిరి లేచాడు. "కోస్తే ఇంక మేమెవురం పట్టుకోలేమే!"

గురవమ్మ నేలమీద కూర్చునే తలెత్తి మరిదిని చూసింది. "అందుకే కోయించేది అబ్బాయ్."

బయట గుంపులో ఎవరో ఈల వేశారు. రాజారత్నం మీసం చాటున నవ్వుకున్నాడు. వడ్రంగి వచ్చి గురవమ్మ మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా దారంతో కొలత తీసుకున్నాడు, రవిక కొలిచినట్టు. పెద్ద రవ్వల తూటాలు ఒక పెట్టె కొన్నాం. తిరుగు బస్సులో చెంగల్రాయుడు మా పక్కన కూర్చోలేదు.

కొత్త మడకైనా, కొత్త గానుగైనా పూజ చెయ్యకుండా చేనికి పంపడం మాలో లేదు. తుపాకికి మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలి? మరుసటి శుక్రవారం వీధి ఆడవాళ్ళమంతా చేరాం. కట్టెకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టాం. గొట్టానికి మల్లెదండ చుట్టాం. దేవకమ్మ ఇంకొంచెం ముందుకు పోయి, తుపాకి మడత విప్పి, గొట్టం లోపలికి కూడా సాంబ్రాణి పొగ పట్టించింది. ఈ కొసన వేస్తే ఆ కొసన ఆవిరిబండిలా పొగ వచ్చింది. గురవమ్మ ఆ తుపాకిని పెళ్ళికూతురిలా చంకనెత్తుకొని మంచె ఎక్కింది.

పందులు కొండ దిగి వచ్చాయట. తోట అంచుకొచ్చి ముట్టెలు పైకెత్తి గాలి పీల్చాయట. ఒక్కసారి గుర్రుమని, తోకలు నిక్కబొడుచుకొని పక్కకు తిరిగి చెంగల్రాయుడి చెనిక్కాయ చేలో దిగాయట.

పొద్దున చెంగల్రాయుడి కేక మా వీధికి వినిపించింది. "వదినా! నీ సాంబ్రాణి నా చెనిక్కాయల్ని తినేసింది!"

రాజారత్నం వచ్చి తుపాకి వాసన చూసి తల కొట్టుకున్నాడు. "పందికి కంటిచూపు తక్కువ మ్మే, అంత ముక్కు మాత్రం పోలీసుకుక్కకి గూడా ఉండదు. ఇట్ట గుళ్ళో అమ్మవారిని మాదిరిగా పోతే వస్తాదా?"

"రాకపోతే మంచిదే కదన్నా? రోజూ పొగేస్తా" అంది గురవమ్మ.

"నాలుగు దినాలు బెదురుతాది. అయిదో దినం పొగ వచ్చే తావు వదిలేసి, ఇంకో పక్కనుంచి దూరతాది."

ఆయన అన్నట్టే అయింది. వారం తిరగకముందే మంచెకు దూరంగా, తోట కొసన ఒక చాపంత జాగా నేలమట్టమైంది. చెరుకు కోతకు సిద్ధంగా ఉంది, తీపి ఎక్కింది. ఇంకో నాలుగు రాత్రులు ఇలాగే పోతే చేను చెంగల్రాయుడిదే. గురవమ్మ ముఖంలో నవ్వు తగ్గడం చూశాను. మల్లెదండ తీసేసింది. కట్టెకున్న పసుపును నూనెగుడ్డతో తుడిచింది. గొట్టంలో గుడ్డ దూర్చి పొగమసి లాగేసింది. తుపాకిని ఎనుముల కొట్టంలో, దూలానికి వేలాడదీసి, కొట్టానికి తాళం వేసింది. ఎనుముల వాసనకు పందులు బెదరవు, రోజూ చూసేదే కదా అంది. రెండు దినాల తర్వాత ఆ తుపాకి పక్కన నిలబడితే నాకే పాలు పితకాలనిపించింది.

మూడోనాడు తెల్లవారుజామున మంచె ఎక్కాం. నేనెందుకు ఎక్కానని అడగొద్దు, ఎక్కాను. నిచ్చెన రెండుమెట్ల దగ్గర మూలిగింది. నా వెనకే చెంగల్రాయుడు.

"నువ్వెందుకు అబ్బాయ్?" అంది గురవమ్మ.

"నా చెనిక్కాయలు గూడా పోయినాయి వదినా. నేనూ సూడాల."

తూర్పు తెల్లబడుతోంది. తోటలో ఎక్కడో గడ విరిగిన చప్పుడు. ఆపైన నమిలే చప్పుడు. కొండకూ తోటకూ మధ్య ఉన్న బోడినేల మీదికి నల్లటి ముద్దలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. గురవమ్మ తుపాకి ఎత్తబోయింది. ఇంతలో చెంగల్రాయుడు లాగేసుకున్నాడు.

"లైసెన్సు నాది రా! ఇట్టియ్!" అంది గురవమ్మ పళ్ళు బిగించి, గుసగుసగా.

"గమ్మునుండు వదినా, పోతాయి!"

ఆ పొట్టికట్టెను ఆ పొడుగుమనిషి భుజానికి ఎలా ఆనించుకున్నాడో చూడవలసిందే. మెడ లోపలికి పోయింది, మోచేతులు పైకి లేచాయి, బొటనవేలు వచ్చి ముక్కుకు ఆనింది. మీట నొక్కాడు. తుపాకి ఒక్క తన్ను తన్నింది. తన బొటనవేలే గుద్దుగా మారి తన ముక్కుమీద పడింది. "అమ్మో!" అని వెనక్కి నా ఒడిలో పడ్డాడు. రవ్వలన్నీ ఆకాశానికి పోయాయి. మంద కొండకేసి దౌడు తీసింది.

గురవమ్మ ముందుకు వంగింది. అతని చేతిలోంచి తుపాకి తీసుకుంది. మడత విప్పింది, కాలిన తూటా లాగేసింది, ఇంకొకటి పెట్టి మూసింది. బాసింపట్టు సర్దుకుంది.

"అన్నీ పోయినాయి కదమ్మే" అన్నాను నేను, చెంగల్రాయుడి ముక్కుకు కొంగు అదిమిపెడుతూ.

"గడలు ఇంకా కదులుతా ఉండాయి అక్కా."

నిజమే. చప్పుడికి తోట నడుమ చిక్కుకుపోయిన ఒకటి లోపల గడలు విరుచుకుంటూ తిరుగుతోంది. మందకు పెద్ద అది. దూడంత పంది. బోడినేల మీదికి వచ్చి, ఏ దిక్కు పోవాలో తెలియక ఒక్క క్షణం నిలబడింది. గురవమ్మ చెంప కట్టెకు ఆనింది, వేలు మీటకు అందింది. ఏదీ వంకరపోలేదు. పేలింది. నా చెవులు గుయ్యిమన్నాయి. శ్రీహరికోటలో రాకెట్టు పోయినప్పుడు కూడా అంత దద్దరిల్లి ఉండదని ఇప్పటికీ చెబుతాను. కళ్ళు తెరిచేసరికి పంది రెండడుగులు వేసి, మోకాళ్ళమీద కూలి, పక్కకు ఒరిగిపోయింది.

"తగిలిందా?" అన్నాడు చెంగల్రాయుడు ముక్కుతో.

"తగిలింది" అంది గురవమ్మ. నేను నీళ్ళచెంబు అందిస్తే సగం చీరమీద ఒలకబోసుకుంది.

పాళ్ళు వేసేటప్పుడు పెద్దమనుషులు తికమకపడ్డారు. కొట్టినవాడి పాలూ, తుపాకి పాలూ ఒకే ఇంటికి పోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు. కుక్కలు లేవు, తరిమినవాళ్ళూ లేరు. "తరిమింది నా మరిదే కదా, ముక్కు పెట్టి తరిమినాడు" అని గురవమ్మ అతని ఇంటికి ఒక తొడ పంపించింది. దేవకమ్మ మిరియాలు దంచి వండింది. ముక్కు వాచిన మనిషికి వాసన తెలియలేదట, కారం మాత్రం బాగానే తెలిసిందట.

ఆ పెద్దది పడ్డాక మంద కొండ అవతలికి మళ్ళింది. పదిహేను దినాల్లో చెరుకు కోశారు. గానుగ ఆడుతుండగా, పొయ్యిమీద పాకం బుడబుడలాడుతుండగా, పెద్దమనుషుల్లో ఒకాయన చేతులు వెచ్చబెట్టుకుంటూ పాత మాట ఎత్తాడు. "ఏం చెంగల్రాయా, చేను సంగతి ఏమనుకున్నారు?"

చెంగల్రాయుడు గానుగ ఎద్దులను అదిలిస్తున్నాడు. ఆ ఎద్దులు అతనివే, అడక్కుండానే తోలుకొచ్చాడు. "చేను సంగతేముందప్పా. చేను వదినది" అన్నాడు వాటి వీపుమీద చరుస్తూ.

గురవమ్మ విన్నదో లేదో తెలియదు. ఆవిరిలో ఆమె ముఖం కనబడలేదు. గరిటెతో పాకం ఎత్తి చూసి, "మంట తగ్గించండి, ముదిరిపోతాది" అని మాత్రం అరిచింది.

బెల్లం అచ్చులకు పోశాక ఇంటికి రమ్మన్నాను. రాలేదు. కోసిన చెరుకు మోళ్ళు మళ్ళీ చిగురెయ్యాలంటే ఆ పూటే తడి పెట్టాలట. తుపాకి తన్నిన కుడిభుజం ఇంకా పట్టేసే ఉందని పారను ఎడమభుజాన వేసుకొని, కాలవకు అడ్డం తీయడానికి తోటలోకి పోయింది.